కోర్డోబా మసీదు-కెథడ్రల్: మధ్యయుగ కట్టడాల వెనుక మతం ఎంత, రాజ్యం ఎంత?

క్లుప్తంగా

మధ్యయుగ యూరప్ కట్టడాలనూ ఇస్లామిక్ కట్టడాలనూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు శైలులుగా చూసే అలవాటు బలంగా ఉంది. నిజానికి రెండింటి వెనుకా పనిచేసినవి ఒకే శక్తులు. కట్టడం లోపలి అమరికకు హద్దులు గీసింది ప్రార్థనా విధానం. దాని హంగునూ స్థలాన్నీ సమయాన్నీ ఎక్కువగా తేల్చింది పాలకుడికి ఎదురైన రాజకీయ పోటీ. కమానులు, గుమ్మటాలు, పొదుగుపని (మొజాయిక్) మాత్రం పనివారి వెంట మతాల సరిహద్దులు దాటాయి. మసీదుగా మొదలై తర్వాత కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చి) అయిన స్పెయిన్‌లోని కోర్డోబా కట్టడంలో ఈ మూడూ ఒకే పైకప్పు కింద కనిపిస్తాయి.

ప్రశ్న ఎక్కడ మొదలైంది

2020 జులైలో ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా మ్యూజియం మళ్లీ మసీదుగా మారింది. 2025 ఆగస్టులో కోర్డోబా మసీదు-కెథడ్రల్‌లోని ఒక చిన్న ప్రార్థనా మందిరంలో మంటలు చెలరేగాయి. రెండు సందర్భాల్లోనూ చర్చ చివరికి ఒకే చోటికి చేరింది: ఈ కట్టడం అసలు ఎవరిది? చర్చిని మసీదుగా మార్చారని ఒకరు, మసీదును చర్చిగా మార్చారని మరొకరు చెప్పే ఉదాహరణలు చాలావరకు నిజమే. అయితే గెలిచినవారు కొన్నిచోట్ల కూల్చారు, కొన్నిచోట్ల ఉంచుకున్నారు, కొన్నిచోట్ల ఓడినవారి పనివారినే పిలిచి కట్టించుకున్నారు. ఎక్కడ ఏది ఎందుకు జరిగిందన్నది ఆ ఉదాహరణల పట్టిక చెప్పదు. అందుకు ప్రార్థన అవసరాలనూ రాజ్య అవసరాలనూ విడివిడిగా చూడాలి.

ప్రార్థన గీసే హద్దులు

సామూహిక నమాజుకు కావలసినవి ప్రధానంగా రెండు: భుజం భుజం కలిపి అడ్డంగా నిలిచే వరుసలకు చోటు, మక్కా దిశను సూచించే గోడ. ఆ దిశను ఖిబ్లా అనీ, ఆ గోడలోని గూటిని మిహ్రాబ్ అనీ అంటారు. పూజారులకు మాత్రమే ప్రవేశం ఉండే భాగం ఏదీ ఉండదు కాబట్టి హాలులో ప్రతి స్థలానికీ దాదాపు సమాన విలువే. స్తంభాల వరుసలతో నిండిన విశాలమైన హాలు దీనికి బాగా సరిపోయింది. ఊరి జనాభా పెరిగితే ఒక గోడ తీసేసి మరికొన్ని వరుసలు కలుపుకోవచ్చు.

లాటిన్ క్రైస్తవ చర్చికి కావలసింది నిడివి. ఊరేగింపు పడమటి ద్వారం నుంచి తూర్పున ఉన్న బలిపీఠం దాకా సాగాలి, మతగురువుల బృందగానానికి సామాన్య జనానికి దూరంగా చోటు ఉండాలి, సాధువుల అవశేషాలను చూడవచ్చే యాత్రికులు పూజకు అడ్డు రాకుండా చుట్టూ తిరిగి వెళ్లగలగాలి. ఇలాంటి కట్టడాన్ని ముక్కలుగా పెంచడం కష్టం. పెద్ద మసీదులు దశలవారీగా విస్తరిస్తే, పెద్ద కెథడ్రల్‌లు చాలావరకు పాతదాన్ని తొలగించి అదే చోట కొత్తగా లేవడానికి ఇది ఒక కారణం.

ప్రార్థన హద్దులు గీస్తుందే తప్ప రూపాన్ని పూర్తిగా నిర్ణయించదు. ఉస్మానీయ టర్కీలో ఇదే నమాజు కోసం స్తంభాల హాళ్లకు బదులు ఒకే మహా గుమ్మటం కింద మసీదులు లేచాయి. 1453లో సుల్తాన్ మెహమెద్ కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) గెలిచినప్పుడు, 537లో చర్చిగా పూర్తయి సుమారు 31 మీటర్ల గుమ్మటంతో నిలిచిన హగియా సోఫియా కూడా అతని చేతికి వచ్చింది. దాన్ని సొంతం చేసుకోవడం, ఆ తర్వాత దానికి దీటైనది కట్టడం ఉస్మానీయులకు రాజకీయ అవసరాలయ్యాయి.

జెరూసలేం, డమాస్కస్: పోటీ నుంచి పుట్టిన రూపం

ఇస్లామిక్ వాస్తుశిల్పంలో నేటికీ నిలిచి ఉన్న తొలి మహా కట్టడం జెరూసలేంలోని డోమ్ ఆఫ్ ది రాక్. ఉమయ్యద్ ఖలీఫా అబ్ద్ అల్ మలిక్ దీన్ని కట్టించాడు. శాసనంలో హిజ్రీ 72, అంటే క్రీ.శ. 691-92 అని ఉంది. ఆ రోజుల్లో అతని అధికారానికి రెండు వైపుల నుంచి పోటీ ఉంది. తానే ఖలీఫానని ప్రకటించుకున్న ఇబ్న్ అల్ జుబైర్ 692 దాకా మక్కాను పట్టుకుని ఉన్నాడు. మరోవైపు, ముస్లిం పాలన వచ్చి అర్ధ శతాబ్దం దాటినా జెరూసలేం చూపుకు క్రైస్తవ నగరమే. ఏసు సమాధి ఉందని క్రైస్తవులు నమ్మే చోట నిలిచిన పవిత్ర సమాధి చర్చి గుమ్మటం నగరానికి గుర్తు.

అబ్ద్ అల్ మలిక్ కట్టడం ఎనిమిది కోణాల ప్రణాళికతో, మధ్యలో సుమారు 20 మీటర్ల వ్యాసం గల గుమ్మటంతో, చుట్టూ ప్రదక్షిణకు అనువైన దారులతో ఉంటుంది. ఆ ప్రాంతపు క్రైస్తవ స్మారక చర్చిల నమూనా ఇదే. గుమ్మటం కొలత కూడా సమాధి చర్చి గుమ్మటానికి చాలా దగ్గర. లోపలి గాజు ముక్కల పొదుగుపని బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ క్రైస్తవ సామ్రాజ్యం) పద్ధతిలోనిదే అయినా అందులో మనుషుల బొమ్మలు లేవు. చెట్లు, పూలకుండీలు, కిరీటాలు, ఆభరణాలు ఉన్నాయి. సుమారు 240 మీటర్ల పొడవున సాగే అరబిక్ శాసనం గ్రంథ ప్రజలను, అంటే యూదులనూ క్రైస్తవులనూ, ఉద్దేశించి మాట్లాడుతుంది. ఏసు దైవప్రవక్తే కాని దేవుని కుమారుడు కాదని చెబుతుంది. ఎదుటివారికి అర్థమయ్యే రూపంలోనే ఎదుటివారితో వాదన పెట్టిన కట్టడమిది.

పదో శతాబ్దపు భూగోళ రచయిత అల్ ముఖద్దసీ, తాను జెరూసలేంవాడే, ఈ సంగతిని దాదాపు నేరుగానే రాశాడు: క్రైస్తవుల చర్చిల వైభవం ముస్లింల మనసులను ఆకట్టుకుంటుందేమోనన్న ఆలోచనతోనే ఉమయ్యద్‌లు ఇంత ఘనంగా కట్టారని. అబ్ద్ అల్ మలిక్ కొడుకు అల్ వలీద్ 706-715 మధ్య డమాస్కస్‌లో మహా మసీదు కట్టించిన స్థలంలో అప్పటికి యోహాను చర్చి, దానికంటే ముందు రోమన్ల జూపిటర్ ఆలయం ఉండేవి. తర్వాత వచ్చిన అబ్బాసిద్ ఖలీఫా అల్ మామూన్ డోమ్ ఆఫ్ ది రాక్ శాసనంలో అబ్ద్ అల్ మలిక్ పేరు తీయించి తన పేరు పెట్టించాడు. సంవత్సరాన్ని మాత్రం మార్చలేదు. అసలు కట్టించినవాడెవరో ఆ తేదీయే పట్టిస్తుంది.

కోర్డోబా: పారిపోయి వచ్చిన వంశం నిలబెట్టుకున్న హక్కు

750లో అబ్బాసిద్‌లు ఉమయ్యద్ వంశాన్ని ఊచకోత కోసినప్పుడు తప్పించుకున్న యువకుడు అబ్ద్ అల్ రహమాన్ ఉత్తర ఆఫ్రికా మీదుగా స్పెయిన్ చేరి 756లో కోర్డోబాను గెలుచుకున్నాడు. సుమారు మూడు దశాబ్దాల తర్వాత, 785-86 ప్రాంతంలో, అతను మహా మసీదు పని మొదలుపెట్టాడు. అక్కడ అంతకుముందు శాన్ విసెంటే చర్చి ఉండేదనీ, క్రైస్తవుల వాటాను అతను సొమ్మిచ్చి కొన్నాడనీ తర్వాతి అరబ్ చరిత్రకారులు రాశారు. తవ్వకాల్లో బయటపడిన పాత పునాదులు ఏ కట్టడానివన్న దానిపై పురావస్తు నిపుణుల మధ్య వాదం నడుస్తూనే ఉంది.

ఈ మసీదుకు పేరు తెచ్చింది ఒకదానిపై ఒకటిగా నిలిచిన రెండంతస్తుల కమానులు. వాటి వెనుక ఉన్నది మొదట ఒక ఇబ్బంది. స్తంభాలు చాలావరకు పాత రోమన్ కట్టడాల నుంచీ, ముస్లింలకు ముందు స్పెయిన్‌ను ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచీ ఏరి తెచ్చినవి. అవి పొట్టివి, ఎత్తులు సమానం కావు. అంత పెద్ద హాలుకు వాటి మీదే కప్పు వేస్తే గాలి, వెలుతురు చాలవు. అందుకని ప్రతి స్తంభం మీద మరో దిమ్మె నిలిపారు. దిమ్మెలు పక్కకు ఒరగకుండా గుర్రపు నాడా ఆకారపు కింది కమానులు బిగించి పట్టుకుంటాయి, చెక్క కప్పు బరువును పై కమానులు మోస్తాయి. కింది కమానుల మీద గోడ కట్టకుండా ఖాళీ వదలడం వల్ల చూపు ఎక్కడా ఆగదు.

ఎర్ర ఇటుక, తెల్ల రాయి మార్చి మార్చి పేర్చిన ఈ పద్ధతి డమాస్కస్ జ్ఞాపకమని కొందరు పండితులు అంటారు. స్పెయిన్‌లోనే మెరిదా నగరపు రోమన్ కాలువ వంతెనలో అంతస్తుల కమానులూ ఇటుక-రాయి కలయికా రెండూ ఉన్నాయని మరికొందరు గుర్తుచేస్తారు. గుర్రపు నాడా కమాను కూడా ముస్లింలు రాకముందే విసిగోత్ చర్చిల్లో ఉంది. కళ్ల ముందున్న పరిష్కారాన్ని పనివారు వాడుకున్నారు, ఫలితానికి వంశ గౌరవపు అర్థాన్ని పాలకులు తర్వాత జోడించారు అనుకోవడమే ఎక్కువ సబబుగా ఉంటుంది.

929లో అబ్ద్ అల్ రహమాన్ III తనను ఖలీఫాగా ప్రకటించుకోవడంతో పోటీ మరో మెట్టు ఎక్కింది. బాగ్దాద్‌లో అబ్బాసిద్ ఖలీఫా ఉన్నాడు, ఉత్తర ఆఫ్రికాలో 909 నుంచి ఫాతిమిద్ ఖలీఫా ఉన్నాడు, ఇప్పుడు కోర్డోబాలో మూడో ఖలీఫా. అతని కొడుకు అల్ హకమ్ II 960లలో మసీదును దక్షిణానికి పొడిగించి, మిహ్రాబ్ ముందు భాగాన్ని బంగారు పొదుగుపనితో నింపాడు. పొదుగుపని నిపుణుణ్ణీ 320 క్వింటాళ్ల గాజు ముక్కలనూ కాన్‌స్టాంటినోపుల్‌లోని క్రైస్తవ చక్రవర్తి పంపాడని చరిత్రకారుడు ఇబ్న్ ఇధారీ రాశాడు. ముస్లిం మసీదులో అతి పవిత్రమైన గోడకు క్రైస్తవ రాజు సాయం చేయడం వింతగా తోచవచ్చు. కాని బైజాంటైన్‌లకూ కోర్డోబాకూ ఫాతిమిద్‌లు ఉమ్మడి ప్రత్యర్థులు. పైగా డమాస్కస్ మసీదు కోసం అల్ వలీద్ కూడా బైజాంటైన్ చక్రవర్తి నుంచి పనివారిని తెప్పించాడన్న కథ అప్పటికే ప్రచారంలో ఉంది. పూర్వికుడు చేసినట్టే చేయడం ద్వారా అసలైన ఖలీఫా వంశం తమదేనని అల్ హకమ్ చూపించుకున్నాడు.

చివరి విస్తరణ అల్ మన్సూర్‌ది. అతను ఖలీఫా కాదు. బాల ఖలీఫా పేరు మీద ఏలిన మంత్రి. వంశపు హక్కు లేనివాడికి మతనిష్ఠ, యుద్ధ విజయాలు ప్రదర్శించడం మరింత అవసరం. దక్షిణాన గ్వాదల్‌క్వివిర్ నది దగ్గర పడింది, పడమట రాజభవనం ఉంది. అందుకని 987-88లో అతను తూర్పుకు ఎనిమిది వరుసలు కలిపాడు. మొదటి 11 వరుసలు 19 అయ్యాయి, మధ్యలో ఉండాల్సిన మిహ్రాబ్ ఒక పక్కకు జరిగినట్టయింది. ఈ భాగంలో కమానుల ఎరుపు చాలావరకు ఇటుకది కాదు, రాతి మీద పూసిన రంగు. తొందర, పొదుపు రెండూ అందులో కనిపిస్తాయి.

గుల్బర్గా కోటలోని జామా మసీదును (1367) కోర్డోబాతో పోల్చడం 19వ శతాబ్దం నుంచి వస్తున్న ఆనవాయితీ. ఒకప్పటి హైదరాబాద్ రాజ్యంలోని ఊరు కాబట్టి తెలంగాణ పాఠకులకు ఆ పోలిక పరిచయమే కావచ్చు. అది నిలిచేది కాదు. గుల్బర్గా మసీదుకు ఆవరణ లేదు, కప్పు మీద చిన్న గుమ్మటాల వరుసలు ఉన్నాయి. కోర్డోబాకు నారింజ చెట్ల పెద్ద ఆవరణ ఉంది, కప్పు చెక్కది.

1236, 1523: ఇద్దరు విజేతలు, రెండు తీరులు

1236లో స్పెయిన్‌లోని క్రైస్తవ రాజ్యం కాస్టిల్ రాజు ఫెర్దినాండ్ III కోర్డోబాను గెలిచి మసీదును కెథడ్రల్‌గా ప్రతిష్ఠ చేయించాడు. అల్ మన్సూర్ 997లో క్రైస్తవ యాత్రాస్థలం శాంటియాగో మీద దాడి చేసి, అక్కడి చర్చి గంటలను క్రైస్తవ బందీల చేత మోయించి తెచ్చి మసీదు దీపాలుగా వాడాడనీ, ఫెర్దినాండ్ వాటిని ముస్లిం బందీల భుజాల మీద తిరిగి పంపాడనీ నాటి చరిత్రలు చెబుతాయి. గంటల విషయంలో ఇంత లెక్క పాటించినవారు కట్టడాన్ని మాత్రం సుమారు మూడు వందల ఏళ్లు పెద్దగా ముట్టుకోలేదు. స్తంభాల మధ్య చిన్న ప్రార్థనా మందిరాలు వెలిశాయి, బలిపీఠాలు వచ్చాయి. 1371లో పూర్తయిన రాజ సమాధి మందిరాన్నయితే అరబిక్ తరహా గచ్చు నగిషీతోనే అలంకరించారు.

దీనికి కారణాలు పలు రకాలు. సరిహద్దు రాజ్యంలో జనం తక్కువ, డబ్బు తక్కువ. నైపుణ్యం గల మేస్త్రీలు, వడ్రంగులు చాలామంది క్రైస్తవ పాలనలో ఉన్న ముస్లింలే. గ్రనడా ముస్లిం రాజు 1246 నుంచి కాస్టిల్‌కు కప్పం కట్టే సామంతుడు. శత్రువు కట్టిన అపురూపమైన కట్టడంలో తమ పూజ జరగడం కూల్చివేత కంటే పెద్ద విజయచిహ్నం కూడా. ఇది సహనం అనే ఒక్క మాటతో తేలిపోయే విషయం కాదు. అదే ఫెర్దినాండ్ 1248లో గెలిచిన సెవిల్‌లో 1356 భూకంపానికి దెబ్బతిన్న మసీదును తొలగించి కొత్తగా గోతిక్ (మొనదేలిన కమానుల యూరప్ శైలి) కెథడ్రల్ కట్టాలని 1401లో అక్కడి మతపెద్దలు తీర్మానించారు. మినారును మాత్రం గంటల గోపురంగా ఉంచుకున్నారు. టొలెడోలో మసీదును తీసేసి 1226లోనే గోతిక్ కెథడ్రల్ పని మొదలైంది.

కోర్డోబాలో తీరు మారింది 1523లో. బిషప్ అలోన్సో మన్‌రిక్ స్తంభాల హాలు నడుమ కొంత భాగం తొలగించి ఎత్తైన కెథడ్రల్ కట్టాలని నిర్ణయించాడు. దాన్ని వ్యతిరేకించింది ముస్లింలు కాదు. 1502లోనే కాస్టిల్‌లోని ముస్లింలకు మతం మారడమో దేశం విడవడమో తేల్చుకోమని ఆజ్ఞ వచ్చింది. అడ్డుపడింది క్రైస్తవ నగర మండలి. ఈ కట్టడం మీద చేయి వేసే పనివారికి మరణశిక్ష తప్పదని 1523లో ప్రకటించింది. వివాదం చక్రవర్తి చార్లెస్ V దాకా వెళ్లగా ఆయన బిషప్ పక్షాన తీర్పిచ్చాడు. తర్వాత చూసి పశ్చాత్తాపపడి ఆయన అన్నట్టు చెప్పే మాటలకు నమ్మదగిన ఆధారం లేదు. పని 1607 దాకా సాగింది.

రెండు తేదీల మధ్య మారింది రాజ్యపు స్థితి. 1492లో గ్రనడా పడిపోవడంతో సరిహద్దు పోయింది, సామంతుడూ పోయాడు. బృందగానం, ఊరేగింపు, ఉపదేశం ఒకే అక్షం మీద సాగే చోటు కావాలన్న మతపెద్దల కోరికకు ఇప్పుడు రాజకీయ అడ్డంకి లేదు. రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే 1523 కెథడ్రల్ మసీదు మీద దాడి కంటే ఎక్కువగా నగర పెద్దలకూ చర్చికీ మధ్య జరిగిన బలపరీక్షలా కనిపిస్తుంది. ఒక ఫలితం విచిత్రం: కెథడ్రల్ లోపల ఉండటం వల్లనే మిగిలిన మసీదును కూల్చాలన్న ఆలోచన తర్వాతి శతాబ్దాల్లో ఎవరికీ గట్టిగా రాలేదు.

పలెర్మో: మూడు భాషల రాజ్యం

సిసిలీ రాజధాని పలెర్మో 831లో అరబ్బుల చేతికి, 1072లో ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన క్రైస్తవ యోధులైన నార్మన్ల చేతికి వచ్చింది. 1130లో కిరీటం ధరించిన రోజర్ II కొత్త రాజు. పోప్‌తో, రెండు సామ్రాజ్యాలతో తగువులున్నవాడు. అతని కొలువులో లాటిన్, గ్రీకు, అరబిక్ మూడూ నడిచాయి. 1140లో ప్రతిష్ఠ జరిగిన అతని రాజభవన ప్రార్థనా మందిరం నిడివిలో లాటిన్ చర్చి, గోడల మీద బైజాంటైన్ పొదుగు చిత్రాలు, పైన తేనెపట్టు గదుల్లా దిగే చెక్క కప్పు. ఆ కప్పు ఫాతిమిద్ కళకు దగ్గరిది. దాని మీద విందులు, సంగీతకారులు, రాజును దీవించే అరబిక్ అక్షరాలు ఉన్నాయి. ఏ వర్గం ప్రజలు వచ్చినా తమకు తెలిసిన రాచఠీవి అక్కడ కనిపిస్తుంది. ఇందులోనూ ఉదారత కంటే లెక్క ఎక్కువ. ముస్లిం ప్రజలు, అధికారులు రాజ్యానికి అవసరమైనంత కాలం అది సాగింది. 13వ శతాబ్దంలో ఫ్రెడరిక్ II సిసిలీ ముస్లింలను ఇటలీ ప్రధాన భూభాగంలోని లుచేరాకు తరలించేశాడు.

మొనదేలిన కమాను ఎవరి సొత్తు

అర్ధవృత్తపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగం. అంతకు మించి స్వేచ్ఛ లేదు. పొడవు, వెడల్పు సమానం కాని గది మీద నాలుగు వైపులా అలాంటి కమానులు వేస్తే వాటి శిఖరాలు ఒకే ఎత్తుకు రావు. మొనదేలిన కమానులో వెడల్పు ఏదైనా ఎత్తును కావలసినట్టు సర్దుకోవచ్చు. దాని బరువు పక్కలకు తక్కువగా, కిందికి ఎక్కువగా దిగుతుంది. కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదులో (879) ఇది వరుసలు వరుసలుగా ఉంది. పశ్చిమ యూరప్‌లో విరివిగా కనిపించేది పదకొండో శతాబ్దం చివరి నుంచి. ఈజిప్టుతో వర్తకం చేసిన ఇటలీ రేవు పట్టణం అమాల్ఫీ, ఆ దేశంలోనే ఉన్న మాంటె కాసినో మఠం, అక్కడి నుంచి ఫ్రాన్స్‌లోని క్లూనీ అని ఒక దారిని పండితులు ప్రతిపాదించారు.

గోతిక్ మొత్తం అరబ్బుల నుంచి వచ్చిందనడం మాత్రం అతిశయోక్తి. లండన్ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ 18వ శతాబ్దం తొలినాళ్లలో దాదాపు అలాగే అన్నాడు. గోతిక్ అంటే కమాను ఒక్కటే కాదు. కప్పు బరువును రాతి ఈనెల గుండా స్తంభాలకు దింపి, బయటి నుంచి వంపు ఊతలతో ఆనించి, గోడల స్థానంలో రంగు గాజు పెట్టే ఏర్పాటు అది. ఈనెల కప్పు 1093లో మొదలైన ఇంగ్లండ్‌లోని డరమ్ కెథడ్రల్‌లో ఉంది. కోర్డోబా మిహ్రాబ్ ముందరి గుమ్మటంలో 960లలోనే ఈనెలు ఒకదాన్నొకటి దాటుతాయి కాని అవి మధ్యలో కలవవు. అది వేరే జ్యామితి.

విడి విడిగా ఉన్నవాటిని ఒక్కచోట చేర్చిన ఘనత పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠాధిపతి సుజేర్‌ది. 1144 జూన్ 11న కొత్త తూర్పు భాగం ప్రతిష్ఠకు రాజు లూయీ VII, ఎందరో బిషప్‌లు వచ్చారు. ఇక్కడా మతానికి రాజకీయం తోడు. కాంతి ద్వారా దేవుని వైపు మనసు లేస్తుందన్న సిద్ధాంతం సుజేర్ రాతల్లో ఉంది. అదే సమయంలో ఆ మఠం ఫ్రాన్స్ రాజుల సమాధి స్థలం, సుజేర్ రాజుల సలహాదారు. సామంతుల కంటే బలహీనంగా ఉన్న రాజుకు పవిత్రత అనే ఆధిక్యం కావాలి.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. 1291లో క్రూసేడర్ల రేవు పట్టణం ఏకర్‌ను గెలిచిన ఈజిప్టు పాలకులు మమ్లూకులు అక్కడి క్రైస్తవ చర్చి నుంచి ఒక గోతిక్ ద్వారాన్ని ఊడదీసి కైరోకు తెచ్చారు. అది సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ మదర్సాకు ముఖద్వారంగా ఇప్పటికీ ఉంది.

నేటి వివాదాలు దేని మీద నిలిచాయి

టర్కీ అత్యున్నత పాలనా న్యాయస్థానం 2020 జులై 10న హగియా సోఫియాను మ్యూజియం చేసిన 1934 నిర్ణయాన్ని రద్దు చేస్తూ, అది మెహమెద్ ఏర్పరచిన వక్ఫ్ ఆస్తి అనీ, మసీదుగా తప్ప వాడరాదనీ పేర్కొంది. స్పెయిన్‌లో ప్రార్థనా స్థలాల ఆస్తి నమోదు నిబంధనను 1998లో సడలించాక, కోర్డోబా మతపెద్దలు 2006లో సుమారు 30 యూరోల ఖర్చుతో మసీదు-కెథడ్రల్‌ను చర్చి పేరిట రిజిస్టర్ చేయించుకున్నారు. తమ హక్కు 1236 నాటి ప్రతిష్ఠతోనే మొదలైందని వారి వాదన. ఇది ప్రజల ఆస్తి అన్నది వ్యతిరేకుల వాదన. మతాలు వేరైనా రెండు చోట్లా చట్టపరమైన ఆధారం మధ్యయుగ విజేత చేసిన చర్యే. బిషప్ ధ్రువీకరణతో ఆస్తులు నమోదు చేసే వెసులుబాటును స్పెయిన్ 2015లో తీసేసింది. అప్పటికే జరిగిన నమోదులు మాత్రం రద్దు కాలేదు.

యాజమాన్యం కంటే ముందుగా ప్రభావం పడేది రోజువారీ వాడకం మీద. హగియా సోఫియాలో 2024 జనవరి నుంచి కింది అంతస్తు ప్రార్థనకు, టికెట్ కొన్న విదేశీ పర్యాటకులకు పై వసారా అని విభజించారు. కోర్డోబాలో నమాజుకు అనుమతి కోరిన ముస్లింలకు బిషప్‌లు ఒప్పుకోలేదు. ఇక ఈస్టర్ ముందరి ఊరేగింపులు సులువుగా వచ్చిపోవడానికి రెండో ద్వారం కావాలని 2017లో ఆవరణ వైపు కమానులోని చెక్క జాలీ ఒకటి తొలగించినప్పుడు, ఆ వివాదం కూడా కోర్టుకెక్కింది.